మైకు కొనేముందు… ఒక్క మాట!

కృష్ణానగర్‌లో సాయంకాలం ఆరు దాటిందంటే టీకొట్ల దగ్గర నిలబడటానికి చోటుండదు. వేషాల కోసం తిరిగేవాళ్లు, కథలు చంకన పెట్టుకుని తిరిగేవాళ్లు, పాటలు జేబులో వేసుకుని తిరిగేవాళ్లు… అందరూ అక్కడే! మొన్నామధ్య ఆ గుంపులోంచి ఓ కుర్రాడు తిన్నగా నా దగ్గరికొచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. వరంగల్ వైపు వాడు. ఇయర్‌ఫోను ఒకటి తన చెవిలో పెట్టుకుని, రెండోది నా చేతికిచ్చాడు.

"అన్నా, ఒక్కసారి ఇనుండ్రి. నేనే రాసిన, నేనే పాడిన" అన్నాడు.

విన్నాను. పల్లవి రెండోసారి వచ్చేసరికి నా కాలు దానంతటదే తాళం వెయ్యటం మొదలెట్టింది. పాట బాగుంది. గొంతు ఇంకా బాగుంది. కానీ ఏం లాభం? స్నానాలగదిలో పాడినట్టుంది. వెనక ఫ్యాను చప్పుడు, మధ్యలో పక్కింటి కుక్కరు కూత!

"ఎక్కడ రికార్డు చేశావు తమ్ముడూ?"

"రూమ్ల, సెల్లుల. అందుకే గిట్లొచ్చింది. లక్షన్నర వెట్టి మంచి మైకు, సామాను కొంటున్ననే. అమ్మ తన గొలుసు కుదువ వెడ్తనన్నది."

గొలుసు మాట వినేసరికి టీ గొంతు దిగలేదు నాకు. అక్కడితో అయిపోలేదు. ఎవరో ఛానెలాయన ఈ పాట విడుదల చేస్తానన్నాడట. నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చి, సంతకం పెట్టి తెమ్మన్నాడట. మనవాడు ఇంకా చదవలేదు!

ఆ రాత్రి ఆ టీకొట్టు బల్ల మీద కూర్చుని అతనికి చెప్పిన మాటలే ఈ వ్యాసం. అతని లాంటి వాళ్లు మన పాఠకుల్లో ఊరికి పదిమంది ఉంటారు. సొంతంగా పాట కట్టి, సినిమా వాళ్ల పిలుపు కోసం ఎదురుచూడకుండా జనంలోకి పోదామనుకునే యువ గాయనీ గాయకులు, స్వరకర్తలు! వాళ్లందరికీ మొత్తం సారం ముందే చెప్పేస్తాను: డబ్బు ఆఖర్న పెట్టండి. సంతకం అంతకంటే ఆఖర్న పెట్టండి!

'ప్రైవేటు పాట' కొత్తదేం కాదు

ఇవాళ 'ఇండిపెండెంట్ మ్యూజిక్' అంటున్నదాన్ని మన పెద్దవాళ్లు 'ప్రైవేటు పాట' అనేవారు. సాలూరి రాజేశ్వరరావు గారు, రావు బాలసరస్వతీదేవి గారు కలిసి పాడిన గ్రామఫోను పాటలు సినిమా పాటలు కావు. ఘంటసాల మాస్టారి 'పుష్పవిలాపం' సినిమా పాట కాదు. 'భగవద్గీత' అంతకంటే కాదు. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం లలిత సంగీతాన్ని ఇంటింటికీ పంచింది. అయితే ఆ రోజుల్లో రికార్డు కంపెనీయో, రేడియో స్టేషనో తలుపు తియ్యాలి. ఇప్పుడా తలుపు మీ జేబులోనే ఉంది. తేడా అంతే!

చాప మీద కూర్చుని రికార్డు చేస్తే ఎవరు వింటారని నిరాశ పడకండి. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అని పెద్ద రాక్ గాయకుడు. 1982 జనవరిలో న్యూజెర్సీలోని అద్దె ఇంట్లో కూర్చుని, క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు పట్టే చిన్న మిషను, రెండు మామూలు మైకులు పెట్టుకుని కొన్ని పాటలు పాడుకున్నాడు. బ్యాండుకి వినిపించటానికి నమూనా అన్నమాట. తర్వాత పెద్ద స్టూడియోలో బ్యాండుతో మళ్లీ చేస్తే ఆ జీవం రాలేదు! చివరికి ఆ క్యాసెట్టునే 'నెబ్రాస్కా' పేరుతో ఆల్బంగా విడుదల చేశారు. ఇంకా దగ్గరి సంగతి కావాలా? బిల్లీ ఐలిష్ 2019 నాటి ఆల్బంలో పాటలు ఎక్కువ భాగం లాస్ ఏంజిలెస్‌లో వాళ్ల అన్నయ్య పడగ్గదిలో తయారయ్యాయి. 2020లో గ్రామీల్లో నాలుగు ముఖ్యమైన బహుమతులూ ఆ అమ్మాయికే వచ్చాయి.

కాబట్టి పడగ్గది తప్పు కాదు. ఆ గదిని ఎలా వాడతామన్నదే సంగతి.

సగం స్టూడియో గదిలోనే ఉంది

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. వెనకాలే తోకలాగా 'ఠంగ్' మని మోగిందా? మీ పాటలో వినిపించే 'స్నానాలగది' అదే! మీ గొంతు గోడకి తగిలి, తిరిగొచ్చి, కొంచెం ఆలస్యంగా మళ్లీ మైకులో పడుతోంది. లక్ష రూపాయల మైకు పెట్టినా ఆ మోత పోదు సరికదా, ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. మంచి మైకు గది లోపాలు దాచదు, బయటపెడుతుంది!

మందు ఏమిటంటారా? మీ అమ్మమ్మ కుట్టిన బొంత! బరువైన గుడ్డ ఏదైనా సరే… బొంతలు, రజాయిలు, పరుపులు. వీటిని ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం. చాలామంది మైకు వెనక కడతారు. నిజానికి పాడేవాళ్ల వీపు వెనక కట్టాలి. ఎందుకంటే మామూలుగా మనం వాడే మైకు తన ముందున్నది ఎక్కువగా, వెనకున్నది తక్కువగా వింటుంది. దాని ఎదురుగా ఉన్నది మీరు, మీ వెనకున్న గోడ. ఆ గోడను కప్పండి. ఇంకో బొంత ఉంటే పక్కన కట్టండి. కింద చాప కాదు, జంపఖానా పరవండి. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచిపెట్టినా కొంత మోత తగ్గుతుంది.

గుడ్ల అట్టలు గోడంతా అతికించే మిత్రులకో విన్నపం. ఆ పల్చటి అట్ట కింది స్వరాల మోతని పీల్చలేదు, వీధిలో చప్పుడిని అసలే ఆపలేదు. పైగా నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది! తీసెయ్యండి.

బయటి చప్పుడుకి ఒకటే వైద్యం, వేళ చూసుకోవటం. రాత్రి పదకొండు దాటాక గాని, తెల్లవారుజామున గాని పాడండి. ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ కాసేపు ఆపితే మళ్లీ వేయటం మర్చిపోకండి… ఇంట్లో తిట్లు తినాల్సొస్తుంది!

ఏ మైకు కొనాలి?

మైకుల్లో ముఖ్యంగా రెండు జాతులు. కండెన్సర్, డైనమిక్. కండెన్సర్ మైకు చెవి మహా చురుకు. మీ గొంతులో సన్నని గమకాన్ని పడుతుంది, వీధిలో ఆటో హారన్నీ పడుతుంది. దీనికి 48 వోల్టుల 'ఫాంటమ్ పవర్' కూడా అందించాలి. డైనమిక్ మైకు కాస్త మొద్దు. దగ్గరున్నదాన్నే బాగా వింటుంది. గది సరిగా లేనివాళ్లకి ఆ మొద్దుతనమే వరం! కచేరీ వేదికల మీద మీరు చూసే ష్యూర్ ఎస్‌ఎం58 ఈ జాతిదే. 1966 నుంచి అమ్ముతున్నారు. కిందపడేసినా మళ్లీ లేచి పాడుతుంది. అందుకే సెకండ్‌హ్యాండులో తీసుకున్నా భయం లేదు. నకిలీలు మాత్రం విపరీతం, చూసి కొనండి. డైనమిక్ అంటే చిన్నచూపు వద్దు సుమా! మైకేల్ జాక్సన్ 1982లో 'థ్రిల్లర్' ఆల్బంలో చాలా పాటలు పాడింది ఎస్‌ఎం7 అనే డైనమిక్ మైకు ముందే.

మైకు తర్వాత ఆడియో ఇంటర్‌ఫేసు. మైకు నుంచి వచ్చే కరెంటుని కంప్యూటరుకి అర్థమయ్యే అంకెలుగా మార్చే చిన్న డబ్బా అది. ఒక గొంతు, ఒక గిటారు అయితే రెండు మైకులు పెట్టుకునే డబ్బా చాలు. ఎనిమిదింటిది కొంటే ఆరు కన్నాలు మిమ్మల్ని చూసి నవ్వుతుంటాయి! తర్వాత చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. చెవి తెరిచి ఉండేవి పెట్టుకుంటే వాటిలో మోగే ట్రాకు మళ్లీ మైకులోకి దూరుతుంది. ఇక స్టాండు, వైరు. వీటన్నిటినీ ఇప్పటి బజారు ధరల్లో సుమారు 25, 30 వేలలో సరిపెట్టుకోవచ్చు. లక్షన్నర అక్కర్లేదు.

సాఫ్టువేరుకి డబ్బు పెట్టకుండానే మొదలుపెట్టవచ్చు. ఆడాసిటీ, బ్యాండ్‌ల్యాబ్ ఉచితం. ఆపిల్ వాళ్ల యంత్రాలుంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. రీపర్ అనేది 60 రోజులు వాడి చూసి, నచ్చితే కొనుక్కోవచ్చు.

ఆ 25 వేలు కూడా లేవా? అయితే ఇంట్లో సెల్లులోనే పాట మొత్తం సాధన చెయ్యండి. శ్రుతి, వేగం, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నీ తేల్చుకోండి. అప్పుడు గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న స్టూడియోకి పోయి, గొంతు మాత్రం పాడి రండి. సిద్ధంగా పోయినవాడికి రెండు గంటలు చాలు. సిద్ధం కానివాడికి రెండు రోజులూ చాలవు!

రికార్డు బొత్తాం నొక్కాక…

మైకుకీ నోటికీ మధ్య ఒక జాన దూరం ఉంచండి. డైనమిక్ అయితే ఇంకాస్త దగ్గరకి జరగొచ్చు. 'ప', 'భ' అక్షరాల దగ్గర గాలి గుప్పుమని మైకుకి కొడుతుంది. అందుకు పాప్ ఫిల్టరు వాడతారు. లేకపోతే ఎంబ్రాయిడరీ రింగుకి పాత నైలాన్ మేజోడు బిగించి అడ్డం పెట్టండి. మైకుకి సూటిగా కాకుండా కాస్త పక్కకి పాడినా సరే.

రికార్డింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకోండి. గొంతు పెద్దగా ఎత్తినప్పుడు కూడా మీటరు మైనస్ 12, మైనస్ 6 మధ్యలోనే ఆగాలి. సున్నా తాకిందా, గొంతు పగిలిందన్నమాటే! పగిలిన గాజుని అతికించినట్టే ఉంటుంది తర్వాత ఎంత బాగుచేసినా. చిన్నగా పడ్డ గొంతుని మాత్రం తర్వాత పెంచుకోవచ్చు.

ఒకప్పుడు మద్రాసు రికార్డింగు థియేటర్లలో గాయకుడూ, నలభై మంది వాద్యబృందమూ ఒకేసారి వాయించేవారు. ఆఖరి చరణంలో వయొలిన్ ఒకటి తప్పినా మళ్లీ మొదటికి! మీకా బాధ లేదు. ముందు పాట మొత్తం ఆగకుండా మూడు, నాలుగు సార్లు పాడండి. తర్వాత వాటిలోంచి మంచి ముక్కలు ఏరుకోండి. లైను లైనుగా ముక్కలు పాడి అతికిస్తే శ్రుతి కుదురుతుందేమో గాని భావం కుదరదు.

మిక్సింగు అదే రాత్రి మొదలెట్టకండి. చెవి అలిసిపోయి ఉంటుంది. పొద్దున్నే వినండి. గొంతులో సుమారు 80 హెర్ట్జ్ కింద ఉన్న 'గూ' మనే బరువుని కోసెయ్యండి, సగం మురికి పోతుంది. మీకు నచ్చిన ఒక సినిమా పాటని పక్కన పెట్టుకుని, రెండిటినీ ఒకే స్థాయిలో మార్చి మార్చి వినండి. తర్వాత సెల్లు స్పీకర్లో, చవక ఇయర్‌ఫోన్లో, ఎవరి కార్లోనైనా వినండి. మాట ప్రతిచోటా తెలుస్తోందా? అదే పరీక్ష! 'అందరికంటే గట్టిగా మోగాలి' అని పాటని పిండెయ్యకండి. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తుంది. అదనంగా పెంచిన మోత అక్కడ తగ్గిపోతుంది, నలిగిన గొంతు మాత్రం మిగులుతుంది.

సంతకం… జాగ్రత్త!

ఇక్కడ నా సొంత గోడు కాస్త చెప్పుకోవాలి. క్యాసెట్ల రోజుల్లో నేనూ ఓ ప్రైవేటు ఆల్బంకి నాలుగు పాటలు రాశాను. కంపెనీ వాళ్లు ఇచ్చిన కాగితం మీద, ఆ మూడు వేల రూపాయల సంబరంలో, చదవకుండా సంతకం చేశాను. చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయి పుట్టినరోజున అందులో ఒక పాటని యూట్యూబులో పెడితే, 'ఈ పాట మీది కాదు' అని నోటీసు వచ్చింది. నా పాట నాది కాదట! 'శాశ్వతంగా, సమస్త ప్రపంచంలో' అని ఆ కాగితంలో ఉందని అప్పుడు చదివాను.

ఒక పాటలో హక్కులు ఒకరివి కావు. రాసినవాళ్లవి, బాణీ కట్టినవాళ్లవి, పాడినవాళ్లవి, డబ్బుపెట్టి రికార్డింగు చేయించినవాళ్లవి… నాలుగూ వేరు వేరు. 2017లో ఇళయరాజా గారు బాలు గారికి నోటీసు పంపినప్పుడు అభిమానులంతా నివ్వెరపోయారు గుర్తుందా? ప్రాణస్నేహితుల మధ్య కూడా ఆ ప్రశ్న వచ్చిందంటే అర్థం చేసుకోండి. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక మీద పాడారు, అది మన అదృష్టం.

సినిమా కోసం రాసిన పాటకి నిర్మాతే యజమాని అన్నట్టుగా 1977లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఏళ్ల తరబడి రచయితలు, స్వరకర్తలు పోరాడారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గారు గట్టిగా వాదించారు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాని వారసులకో, హక్కుల సంఘానికో తప్ప ఇంకెవరికీ వదులుకోవటం చెల్లదు. సినిమాలో లేని ప్రైవేటు పాటకీ ఇది వర్తిస్తుంది. ఈ మాట తెలియకే ఎందరో కుర్రాళ్లు 'అంతా మీదే సార్' అని రాసిచ్చేస్తున్నారు!

కాగితంలో ఇవి చూడండి. ఏ పాట? ఏ హక్కులు? ఎన్నేళ్లు? ఏయే దేశాల్లో? మీకెంత వాటా? ఎన్నేళ్లో రాయకపోతే చట్టం అయిదేళ్లనే లెక్క వేస్తుంది. ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే తెలివైనవాళ్లు 'శాశ్వతం', 'ప్రపంచమంతా' అని ముందే రాసుకుంటారు. ఆ మాటలు కనిపిస్తే కలం మూతపెట్టి, తెలిసిన వకీలు దగ్గరికి పొండి.

స్నేహితులతో కలిసి చేస్తున్నారా? పాట పూర్తయిన రోజునే ఒక తెల్లకాగితం మీద ఎవరి వాటా ఎంతో రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. పాట హిట్టయ్యాక రాసుకుందాంలే అనుకుంటే, అప్పటికి స్నేహం ఉండదు! ఇంటర్నెట్లో దొరికే బీటు మీద పాడారా? దాన్ని అద్దెకిచ్చాడో, పూర్తిగా అమ్మాడో చూసుకోండి. అద్దె బీటు మీద ఇంకో వందమంది పాడి ఉండొచ్చు. సినిమా పాటని మళ్లీ పాడి పెడితే యూట్యూబు దాన్ని గుర్తుపట్టి, వచ్చే డబ్బు అసలు హక్కుదారుకి మళ్లించే అవకాశం ఎక్కువ. పేరు వస్తుంది, పైసలు రావు. రచయితలు, స్వరకర్తలు 1969లో మొదలైన ఐపీఆర్‌ఎస్ సంఘంలో సభ్యులుగా చేరటం మంచిది.

పబ్లిసిటీ మాటేమిటి?

పాటని స్పాటిఫై, జియోసావన్ లాంటి చోట్లకి చేర్చటానికి డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి పంపిణీదారులున్నారు. కొందరు ఏడాదికింతని తీసుకుంటారు, కొందరు వాటా తీసుకుంటారు. 12 అక్షరాలూ అంకెలూ ఉండే ఐఎస్‌ఆర్‌సీ అనే గుర్తు పాటకి ఇస్తారు. మనిషికి ఆధార్ లాంటిదది, రాసి దాచుకోండి. ఇవాళ పంపి రేపు విడుదలంటే కుదరదు. మూడు, నాలుగు వారాల ముందే పంపండి. స్పాటిఫై ప్లేలిస్టుల వాళ్లకి పాట పరిచయం చెయ్యాలంటే విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు వాళ్ల 'ఫర్ ఆర్టిస్ట్స్' పేజీలో పెట్టాలి. మీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో అన్నిచోట్లా ఒకేలా రాయండి. ఒకచోట 'వై', ఇంకోచోట 'ఐ' అయితే ఇద్దరు గాయకులైపోతారు!

ఆదాయం గురించి కలలు తగ్గించుకోండి. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదిలో వెయ్యిసార్లు వినిపించని పాటకి రాయల్టీ లేదు. యూట్యూబు ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, వాళ్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గాని, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గాని ఉండాలి. అలాగని వ్యూస్ కొంటారేమో… వద్దు! దొంగ వినికిడి దొరికితే పాటని తీసేస్తారు, పంపిణీదారుకి జరిమానా పడుతుంది. వ్యూస్ అమ్మినవాడు అప్పటికి ఫోనెత్తడు.

మరి జనానికెలా చేరుతుంది? మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' సినిమా పాట కాదు. 2021లో ఓ పెళ్లికూతురు బరాత్‌లో ఆ పాటకి ఆడింది, ఆ వీడియో చేతులు మారింది, ఊరూరా పెళ్లిళ్లలో ఆ పాటే మోగింది! నీతి ఏమిటంటే, పాటని జనం తమ సందర్భంలో వాడుకోవాలి. మీ పాట పెళ్లికా, బతుకమ్మకా, కాలేజీ వీడ్కోలుకా, ఒంటరి ప్రయాణానికా? తేల్చుకుని, ఆ మనుషులకి ముందు పంపండి. బాగా పట్టే ఇరవై సెకన్ల ముక్క ఏదో తెలుసుకుని దాన్నే చిన్న వీడియోలు చెయ్యండి. సాహిత్యం తెలుగు లిపిలో కింద పెట్టండి, పాడుకునేవాళ్లు పాడుకుంటారు. ఊళ్లో పదిమంది ముందు పాడే అవకాశం వస్తే వదలొద్దు. తెలియని వెయ్యిమంది లైకుకంటే, మళ్లీ పాడమన్న పదిమంది ఎక్కువ.

ఇంతకీ ఆ కుర్రాడు…

నెల తర్వాత ఫోను చేశాడు. ఊరికెళ్లి రెండు బొంతలు తెచ్చుకున్నాడట. స్నేహితుడి దగ్గర మైకు, డబ్బా రెండు రోజులు ఎరువు అడిగి, తెల్లవారుజామున నాలుగింటికి పాడాడట. వినిపించాడు. అదే గొంతు, అదే పాట. మోత లేదు, ఫ్యాను లేదు. ఈసారి మాట మాటా తెలిసింది.

"మరి ఆ కాగితం?" అన్నాను.

"వకీలుకు చూపిస్తే మూడేండ్లకు మార్చమన్నడన్నా. గట్లనే మార్చియ్యమని అడిగిన. మల్ల ఫోనెత్తుతలేడు. నేనే ఏసిన పాట."

విడుదలై పదిహేను రోజులైందట. ఆరు వందల చిల్లర మంది విన్నారట. పెద్ద అంకె కాదు. హిట్టవుతుందో లేదో నేను చెప్పలేను, అతనూ చెప్పలేడు. కానీ పాట అతనిది. గొలుసు వాళ్లమ్మ మెళ్లోనే ఉంది. రెండో పాట కట్టుకోవటానికి అంతకంటే మంచి పెట్టుబడి ఏముంటుంది చెప్పండి?

ఇక మీ వంతు! ముందు లేచి, గదిలో ఒక చప్పట కొట్టండి.